కాలిచెక్క

హలో… ఆ, నేనేనమ్మా. పెదనాన్ననే.

… వినపడుతోంది. నువ్వే అరుస్తున్నావు, నేను కాదు. … ఇంట్లోనే. ఈ ఏలూరు ఎండలో ఎక్కడికి పోతాను? … భోంచేశాను. మీ పెద్దమ్మ కూడా. ఇదిగో, పక్కనే ఉంది.

కాకినాడ చేరావా? … షెడ్డులోనే ఉన్నావా? … మూడు పడవలూ అక్కడే ఉన్నాయా?

… సాయంత్రంలోగా చెప్పాలా? ఆ అమ్మేవాడికెందుకంత తొందర? … గోవా నుంచి ఎవరో అడుగుతున్నారంటాడా? పడవ అమ్మే ప్రతివాడి దగ్గరా ఒక గోవావాడుంటాడమ్మా. విశాఖపట్నంలో ముప్పై ఏళ్ళు తెరచాప పడవలు బాగుచేశాను. ఆ గోవావాణ్ణి ఒక్కసారి కూడా చూళ్ళేదు.

… సరే, నవ్వింది చాలు. పనిలోకి రా.

ఒక్క మాట ముందే చెప్తున్నా. నువ్వు ఒక్కదానివే అండమాన్ దాకా పడవలో పోతానంటే నాకు ఇష్టం లేదు. … తెలుసమ్మా. పిల్లలకి సెయిలింగ్ నేర్పుతున్నావు, పందేలు గెలిచావు, అన్నీ తెలుసు. మీ నాన్నకి మాత్రం రాదా? నేవీలో ఇరవై ఏళ్ళు చేసినవాడు. పదకొండేళ్ళయింది వాడలాగే ఒక్కడూ వెళ్ళి. పడవ దొరికింది, మనిషి దొరకలేదు. … ఆ. అందుకని. నాకున్నది ఒక్క తమ్ముడు. వాడికున్నది నువ్వొక్కదానివి.

… మరి ఎందుకు ఒప్పుకున్నానా? నేను కాదంటే ఆగే రకమా నువ్వు? ఎవడో కుర్రాడు వీడియోలో చెప్పింది విని ఏదో డొల్ల పడవ కొనేస్తావు. దానికన్నా నేను చెప్పి కొనిపించడం నయం.

మీ అమ్మకి చెప్పావా? … చెప్పలేదు. … గూడెంలో ఆవిడకి తెలిసిందంటే నన్ను— … సరే. సరే. ఆ సంగతి తర్వాత.

కాళ్ళకి ఏమున్నాయి? … బూట్లేనా? లేసులు కట్టావా? … ఇప్పకు. షెడ్డు నేలంతా మేకులూ ఫైబర్ పెచ్చులూ ఉంటాయి. … పడవ ఎక్కినా ఇప్పకు. అమ్మేవాడు గొణిగితే మా పెదనాన్న దేవదానం ఇప్పొద్దన్నాడని చెప్పు.

ఒక్క నిమిషం. — సరోజా, గుమ్మం దగ్గర ఆ చెప్పులు జతగా ఎవరు పెట్టారు? … ఎన్నిసార్లు చెప్పాను, నాకు కనపడేట్టు అలా పక్కపక్కన పెట్టకని? తీసెయ్. అటూ ఇటూ పడెయ్. — ఆ, చెప్పమ్మా. … ఏం లేదు. ముసలి చాదస్తం.

మొదటిది ఎంత? … ముప్పై మూడడుగులు. … లోపల రెండు గదులు, ఫ్రిజ్జు… వెడల్పు మంచాలు కూడానా! ఏం, పెళ్ళివారిని తీసుకెళ్తావా? … కిందికి వంగి చూడు. పడవ అడుగున రెక్క ఉంటుంది కదా, అదెలా ఉందో చెప్పు. … సన్నగా, లోతుగా, కత్తిలా. చుక్కాని దానికి దూరంగా విడిగా వేలాడుతోంది. … అవునమ్మా, వేగంగా పోతుంది. పొద్దున పోయి సాయంత్రానికి ఇంటికొచ్చేవాడికి బాగానే ఉంటుంది. పది రోజులు నేల కనపడకుండా పోవాలంటే కాదు. నీళ్ళలో దుంగొకటి తగిలిందంటే ఆ చుక్కాని ఊడిపోతుంది. వద్దు. దాని ఫ్రిజ్జు దానికే ఉండనీ.

రెండోది? … దీని రెక్క ఇనప దిమ్మా? బోల్టులతో బిగించి ఉందా? … లోపల ఆ బోల్టుల చుట్టూ ఎర్రగా కారిందా? … వేలితో తీసి నాకి చూడు. … నాకమన్నాను. ఇందులో సిగ్గేముంది? … ఉప్పగా ఉందా? … అంటే సముద్రం లోపలికి వచ్చి పోతోందన్నమాట. సరే, పైకెక్కి తెరచాప స్తంభం మొదట్లో కాలితో నొక్కు. … దిగుతోందా? పరుపులాగానా? … డెక్కు లోపల చెక్క నానిపోయింది. ఇదీ వద్దు. దిగొచ్చెయ్.

మూడోది?

… ఇరవై ఏడడుగులు. … చిన్నదైతే ఏం? చిన్నదానికి తెరచాప చిన్నది, తాళ్ళు చిన్నవి. గాలి తిరగబడితే నీ ఒక్కదాని బలం సరిపోవాలి కదా. … ఎప్పటిది? … డెబ్భై ఆరు! నీకన్నా ఇరవై ఏళ్ళు పెద్దది. అదీ మంచిదేనమ్మా. ఆ రోజుల్లో ఫైబర్ ఎంత గట్టిదో చేసేవాళ్ళకే నమ్మకం లేక, పొర మీద పొర మందంగా పోసేవాళ్ళు. వాళ్ళ భయమే మనకి లాభం.

అడుగున రెక్క? … ముందు నుంచి వెనకదాకా ఒకటే! చుక్కాని దాని వెనకే ఆనుకుని ఉందా? … మంచిది. … స్టాండు మీద నిలబెట్టారా? ఎంత ఎత్తు? … నిచ్చెన వేసుకుని ఎక్కాలా. ఎన్ని మెట్లు? … పన్నెండు. కింద సిమెంటు నేలేనా? … జాగ్రత్త.

ఇప్పుడు విను. స్క్రూడ్రైవర్ ఉందా నీ దగ్గర? … దాని పిడితో కొట్టాలి. ఫోను స్పీకర్లో పెట్టి పడవకి దగ్గరగా పట్టుకో. ముందు కొస నుంచి మొదలుపెట్టు. జానకొక దెబ్బ. నువ్వు మాట్లాడకు, నేను వింటాను.

…

… ఊఁ. పో.

… అక్కడ ఇంకోసారి. … సరే. పో.

— సరోజా, ఫ్యానాపు. … ఆపమన్నానా, చెమట పడితే పట్టనీ.

… ఆ. … ఆ. … అబ్బ!

అమ్మలూ, విన్నావా? మొదటి నుంచి చివరిదాకా టక్కు టక్కుమంటోంది. లోపల పొరలు విడిపోయి ఉంటే డబ్బుమంటుంది, తడిసిన తలుపు కొట్టినట్టు. ఇది ఒక్కచోట కూడా అనలేదు. కొత్త కుండలా పలుకుతోంది. ఎవరో ప్రాణం పెట్టి చూసుకున్నారమ్మా దీన్ని. … నవ్వుతున్నావేంటి? … మరేంటా చప్పుడు? … జలుబా? ఈ ఎండలో జలుబేంటి!

సరే, ఎక్కు. నిచ్చెన గట్టిగా ఆనిందో లేదో చూసుకో. … ఎక్కావా? వెనకాల కూచునే గుంట చిన్నదేనా? చిన్నదే ఉండాలి. పెద్దదైతే అల వచ్చి పడినప్పుడు నీళ్ళతో నిండిపోతుంది. … నీళ్ళు పోయే బొక్కలు? … గుప్పిట పడుతోందా! మామూలుగా బొటనవేలే పట్టదు. తెలిసినవాడెవడో పెద్దవి చేశాడు. … స్తంభాన్ని పట్టి ఉంచే తీగలు? … ఏడాది కింద మార్చారా? చేత్తో నిమురు, ఎక్కడైనా గుచ్చుకుంటే చెప్పు. … లేదు. బాగుంది. నేను కంగారు పడ్డాను గానీ, బాగుంది రూబీ.

లోపలికి దిగు. ఎడమవైపు మంచం మీద చెక్క లేపి, టార్చి వేసి చూడు. పాత పడవకి అక్కడే దెబ్బలు దాస్తారు. … అతుకుందా? ఎంతుంది? … చెయ్యంత. … మూలలు ఎలా ఉన్నాయి? … గుండ్రంగానా.

… ఎంత గుండ్రం?

… గ్లాసు పెట్టి గీసినట్టా.

…

… ఉన్నా. వింటున్నా.

ఆ పక్కన రంగు గీకు. స్క్రూడ్రైవర్ మొనతో. … పైన తెలుపు. దాని కింద? … నీలం. ఆ కింద?

… ఆకుపచ్చ.

…

రూబీ, దిగిపో. … ఆ పడవ వద్దు. … వద్దన్నానా. కుళ్ళిపోయింది. … ఇందాక వెనకవైపు డబ్బుమంది, నేనే చెప్పలేదు. … అంది! నీకు వినపడలేదు, నాకు వినపడింది. నీ చెవి ఎంత, నా చెవి ఎంత? నిచ్చెన దిగి బస్సెక్కు. చెన్నైలో చూద్దాం. కొచ్చిలో చూద్దాం. ఇది మాత్రం—

… ఏంటి?

… ఏమన్నావు?

… ఎప్పటి నుంచి తెలుసు నీకు? … నెల నుంచా!

అంటే… ఆ మొదటి రెండూ నాటకమా? ఏ పడవ కొనాలో చెప్పు పెదనాన్నా అంటూ… ఆ బోల్టు నిజంగా నాకావా? … నాకావా. నీ మొహం.

ఎంత పని చేశావే. డెబ్భై ఏళ్ళ వాణ్ణి కూచోబెట్టి, మీ నాన్న పడవ మీద కొట్టి, నా చెవికే వినిపించి, నా నోటితోనే బాగుందనిపించావు. … కోపమా? కోపం కాదు. భయం.

… ఆ. ఆ అతుకు నేను వేసిందే. మూలలు పదునుగా ఉంటే అతుకు లేస్తుంది, గుండ్రంగా ఉంటే నిలుస్తుంది. కొలతకి ఇంట్లో స్టీలు గ్లాసు పట్టుకెళ్ళాను. ఆ బొక్కలు పెద్దవి చేసింది కూడా నేనే. ఆకుపచ్చ రంగు మీ నాన్న కొన్నాడు. ఎవరో తెల్లాయన వదిలేసి పోయిన పడవకి ఇద్దరం కలిసి రెండేళ్ళు ప్రాణం పోశాం. దొరికాక వేలంలో ఎవరి చేతికో పోయింది. ఇప్పుడు చూడు, పదకొండేళ్ళు పోయినా చెక్కుచెదర్లేదు.

… అబద్ధమే చెప్పాను. ఔను. కుళ్ళలేదు. నువ్వు అందులో అడుగు పెట్టకూడదని చెప్పాను.

… అదా నీకు కావలసింది? పడవ తప్పా, మీ నాన్న తప్పా అనా?

… పడవ తప్పు లేదమ్మా. నువ్వే విన్నావుగా.

… ఆగు. ఆగు. అయితే కావాలనే చేశాడని నేను అనలేదు. … ఎప్పుడూ అనలేదు. … ఔను. కాదని కూడా అనలేదు.

… విచారణ రిపోర్టులో ఏముందో నాకూ తెలుసు. ఆరో రోజు ఒక ఓడవాళ్ళకి కనపడింది. గాలి లేదు, తెరచాప ఊరికే వేలాడుతోంది. అల లేదు, సముద్రం పళ్ళెంలా ఉంది. నడుముకి కట్టుకునే తాడు తెగలేదు, కొక్కెం విప్పి ఉంది. వెనకాల డెక్కు మీద చెప్పులు జతగా ఉన్నాయి, నీళ్ళవైపు తిరిగి. … ఔను. అల లాక్కుపోయినవాడు చెప్పులు విప్పి జతగా పెట్టి పోడు. అందుకే ఆ ఆఫీసరు, కావాలనే దిగి ఉంటాడని రాశాడు. అందుకే మన చర్చి పెద్దలు సమాధుల తోటలో నా తమ్ముడు ఇస్సాకు పేరుతో రాయి పెట్టనివ్వలేదు. నాకన్నీ తెలుసు.

… మీ అమ్మ ఏమంటుంది? … ఏంటి?

… ‘నా దగ్గర ఉండలేకే పోయాడు’ అంటుందా? ఇప్పటికీనా? … ఆ చెప్పులు పెట్టెలో పెట్టుకుందా. … దేవుడా. … తను ఏం మాటన్నదో వెతుక్కుంటుందా. పదకొండేళ్ళ నుంచి.

… చెప్తాను. … చెప్తానమ్మా. కాస్త ఊపిరి తీసుకోనీ.

— సరోజా, కాసిని నీళ్ళియ్యి. … ఆ గ్లాసు కాదు. ఇంకోటి.

…

ఉన్నావా? … విను. మధ్యలో ఆపకు.

మీ నాన్న పోయిన ఏడాదికి పెంటపాడులో పెళ్ళికెళ్ళాను. రెండు రోజులు కంటి మీద కునుకు లేదు. తిరిగొస్తూ గూడెంలో ఏలూరు బస్సెక్కాను. కిటికీ పక్క సీటు. కూచోగానే నిద్రపట్టేసింది. ఉంగుటూరు దాటాక బస్సాగిపోయింది, ఇంజను ఏదో పాడై. … పగలే. మిట్టమధ్యాహ్నం. నాకు మెలకువ రాలేదు. మెలకువ రాకుండానే నేను దిగాను.

… దిగానమ్మా. చెప్పులు విప్పి సీటు కింద జతగా పెట్టాను. పంచె ఎగ్గట్టాను. మెట్లు దిగాను. వెనక్కెళ్ళి, రెండు చేతులూ బస్సుకి ఆనించి తోస్తున్నాను. కండక్టరు పరిగెత్తుకొచ్చి ‘ఏవండీ, ఏం చేస్తున్నారండీ? మిమ్మల్నెవరు తొయ్యమన్నారండీ?’ అన్నాడు. అప్పుడు మెలకువొచ్చింది. అరికాళ్ళు కాలిపోతున్నాయి. చూస్తే తారు రోడ్డు. నేను నీళ్ళనుకున్నాను. నడుం లోతు నీళ్ళలో నిలబడ్డాననే అనుకున్నాను.

… అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. సీట్లోకొచ్చి కూచుని, చెప్పులు వేసుకుందామని కిందికి చూశాను. జతగా ఉన్నాయి. బయటికి తిరిగి.

… ఆ. అప్పుడు నవ్వాగిపోయింది.

మన కొల్లేట్లో నీళ్ళెంతమ్మా? నడుందాకా. పడవ గుర్రపుడెక్కలో ఇరుక్కుంటే ఏం చేస్తాం? బురద పట్టి ఆగిపోతే? గెడ పక్కన పెట్టి, చెప్పులు బురదలో పోకుండా పడవలోనే విప్పి, దిగి తోస్తాం. మన లంకలో పుట్టినవాడికి అది ఒకరు నేర్పక్కర్లేదు. పడవ ఆగితే కాళ్ళు వాటంతటవే దిగుతాయి. మనసుని అడగవు.

మీ నాన్నకి ఆరు రోజులుగా నిద్ర లేదు. ఒక్కడే వెళ్ళేవాడు ఇరవై నిమిషాలకోసారి లేచి చూసుకోవాలి. గాలి పడిపోయింది. పడవ ఆగిపోయింది. ఎటు చూసినా నీళ్ళు కదలకుండా ఉన్నాయి, మన కొల్లేరులాగే.

వాడు చచ్చిపోవాలని దిగలేదమ్మా. పడవ తొయ్యడానికి దిగాడు.

…

…

… ఏడు. ఏడ్చెయ్. నేనున్నా.

…

… పదేళ్ళు ఎందుకు దాచానా. అడుగు. అడగాల్సిందే. … దానికి జవాబు ఆ పడవకే ఉంది. లోపల్నుంచి పైకి రా. వెనక కొసకి వెళ్ళి చూడు. బయటివైపు, చుక్కానికి పైన, చెక్క ఒకటి ఉందా? … ఉందా ఇంకా!

… నాలుగు బోల్టులు. ఔను. … చేత్తో తడుము. మధ్యలో గుంటలు పడి ఉంటాయి. … రెండు. … అవి పాదాలమ్మా. మీ తాతవి.

మా నాన్న నావకి వెనకాల ఉండే కాలిచెక్క అది. గెడ వేసేవాడు దాని మీదే నిలబడతాడు, దిగేటప్పుడు దాని మీదే కాలు పెడతాడు. నావ పాడైపోతే ఆ చెక్క ఒక్కటీ దాచుకున్నాను. మీ నాన్న బయల్దేరే ముందు, ‘అన్నయ్యా, ఈతకి దిగితే మళ్ళీ ఎక్కడానికి వెనకొక మెట్టుంటే బాగుంటుంది’ అన్నాడు. కొత్తది చేసి బిగించొచ్చు. అరగంట పని. నేను గొప్పకి పోయి నాన్న కాలిచెక్క తెచ్చి బిగించాను. మన కొల్లేరు నీతో వస్తుందిరా అన్నాను. వాడు దాని మీద ఉత్త కాళ్ళతో నిలబడి ఎంత మురిసిపోయాడో నీకు చెప్పలేను.

ఇంకే పడవైనా, నిద్రలో వెనక్కి కాలు జాపితే గాలి తగిలేది. ఉలిక్కిపడి లేచేవాడు. వాడి కాలికి చిన్నప్పటి చెక్క తగిలింది. ఇక లేవడానికేముంది? అక్కడ దాన్ని పెట్టింది నేను.

… వాడు కావాలని పోలేదని చెప్పాలంటే ఈ మాటా చెప్పాలి. చెప్పలేక నోరు మూసుకున్నాను. మీ అమ్మ చర్చిలో చివరి బల్ల మీద ఒక్కతీ కూచుంటుంటే చూసి కూడా మూసుకున్నాను. పిరికివాణ్ణి రూబీ. రోజూ కాలిని మంచం కోడుకి కట్టుకుని పడుకుంటాను, తెలుసా? మీ పెద్దమ్మకి నరాలు లాగుతున్నాయని చెప్పాను. ఫ్యాను ఆగినా సరే, ఏదో ఆగిపోయిందని నా కాళ్ళు లేస్తాయి.

… లేదు, ఆ మాట అప్పుడే అనకు. నన్ను క్షమించడం తర్వాత సంగతి. ముందు మీ అమ్మకి చెప్పాలి. … నువ్వు కాదు, నేనే చెప్పాలి.

… ఇంకా కొంటానంటావా? ఇదంతా విన్నాక కూడానా?

… ఔను. మూడింట్లోనూ ఇదే మంచిది. పదిలో అయినా ఇదే మంచిది. అదే నా ఏడుపు.

సరే. ఒక్క ప్రశ్న అడుగుతాను. ఆలోచించకుండా చెప్పు. గాలి పోయింది, పడవ ఆగింది. ఏం చేస్తావు?

…

… చూశావా.

… లేదు, అన్నావు. నాకు వినపడింది. ‘దిగి’ అని నాలిక కరుచుకున్నావు. … నవ్వకు. ఎనిమిదేళ్ళు వచ్చేదాకా, వాడు సెలవుకొచ్చినప్పుడల్లా, మీ నాన్న పక్కన నావ తోసిన పిల్లవి. విశాఖపట్నంలో ఎన్ని పందేలు గెలిస్తే ఏం? నీ కాళ్ళింకా కొల్లేట్లోనే ఉన్నాయి.

నేను వస్తాను. వచ్చి ఆ చెక్క ఊడదీస్తాను. నువ్వు ముట్టుకోకు, బిగించిన చెయ్యే ఊడదియ్యాలి. వెనకంతా రొమ్ము ఎత్తున తీగ కడతాను. అప్పుడు కొనుక్కో. అమ్మేవాడికి సరేనని చెప్పు, గోవావాడితో పని లేదని చెప్పు.

… గాలా? ఎక్కడ గాలి? షెడ్డులో గాలేంటి? … కాళ్ళకి చల్లగా తగలడమేంటి?

… రూబీ, ఎక్కడ కూచున్నావు నువ్వు?

… చెక్క మీదా.

… చూడమన్నాను. తడమమన్నాను. దాని మీద కూచోమన్నానా? … ఎప్పుడు దిగావు దాని మీదకి? … కాళ్ళెక్కడున్నాయి? … బయటికి వేలాడుతున్నాయా.

కాళ్ళకి ఏమున్నాయి?

…

… బూట్లెక్కడ?

…

… జతగానా.

… ఎప్పుడు విప్పావు? … గుర్తులేదా.

కదలకు. … అరవట్లేదమ్మా, అరవట్లేదు. నా మాట విను. కింద నీళ్ళు లేవు. పన్నెండు మెట్ల కింద సిమెంటు ఉంది. నీకు తెలుసు, నీ కాళ్ళకి తెలీదు. … ఒక చేత్తో పైన డెక్కు అంచు పట్టుకో. … పట్టుకున్నావా? ఫోను వదిలేసినా ఫర్వాలేదు. … కుడికాలు లోపలికి. … ఎడమకాలు. … రెండూ పడవలోనే ఉన్నాయా? … ఉన్నాయా?

… ఆ. … అమ్మయ్య. … అమ్మయ్య తల్లీ.

బూట్లు వేసుకో. … లేసులు కట్టు. నాకు చెప్తూ కట్టు. … రెండో ముడి కూడా. … ఇప్పుడు నిచ్చెన దగ్గరకెళ్ళు. ఒక్కో మెట్టు లెక్కపెట్టు, గట్టిగా, నాకు వినపడేట్టు.

… ఊఁ. … ఊఁ. … మెల్లిగా. … ఏడయింది, ఎనిమిది చెప్పు. … ఆ. … ఊఁ. … పదకొండు. …

… దిగావా? నేల మీద కాలితో ఒక్కటి కొట్టు. ఫోను కిందికి పెట్టి కొట్టు.

… ఇంకోసారి.

… ఆ. గట్టిగానే ఉంది.

ఇక ఆ పడవ ఎక్కకు. నేనొచ్చేదాకా దూరంగా కుర్చీ వేసుకుని కూచో. ఎవరైనా మనిషి పక్కన ఉండేలా చూసుకో. … రేపు పొద్దున కల్లా వస్తాను. ఇవాళ దారిలో గూడెంలో దిగాలి, మీ అమ్మ దగ్గర. … చెప్తానమ్మా. ఈసారి చెప్తాను. ఆవిడకి చెప్పకుండా ఆ బోల్టు తిప్పే మొహం నాకు లేదు. … ఆ. ఆ చెప్పులు కూడా చూస్తాను. … ఉంటానమ్మా. ఉంటా.

…

— పెట్టేసింది.

… విన్నావా సరోజా? … మొత్తం విన్నావా.

… నరాలు కాదు. ఔను.

… స్పానర్ల సంచీ అటక మీదుంది, దించు. … నువ్వూ రా. చీర మార్చుకుని రా. బస్సులో నా పక్కనే కూచో. ఎక్కడ ఆగినా, ఎంతసేపు ఆగినా… నా చెయ్యి పట్టుకో.